నాలుగో రీలు తోక

చోడవరంలో ఎవరైనా చెప్పాల్సిన మాట తిన్నగా చెప్పకుండా, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పెట్టి తిప్పితే వినేవాళ్లు ఓ మాట విసురుతారు. "ఏటిరా బాబూ, పరదేశి రీలులా సెప్తన్నావు!" బెల్లం దిమ్మల బేరం దగ్గర అంటారు. ఆటో స్టాండులో అంటారు. పెళ్లి సంబంధం తెచ్చిన మనిషి తడబడితే అంటారు. అన్నవాళ్లలో ముప్పాతిక మందికి పరదేశి ఎవరో తెలియదు. సామెతలో మనిషి కదా, ఏ తాతల కాలం వాడో అనుకుంటారు.

ఆ సామెతలో మనిషి వడ్డాది రోడ్డు మలుపులో రేకుల షెడ్డు కింద కూర్చుని సైకిళ్లు బాగుచేస్తున్నాడు. అరవై ఎనిమిదేళ్లు. సైకిలు పుల్లలా సన్నగా, నిటారుగా ఉంటాడు. సైకిళ్లు తగ్గిపోయాక బళ్ల పంచర్లు కూడా వేస్తున్నాడు. ఆయన దగ్గర పని చేయించుకున్నవాళ్లకి ఒక వింత కనపడుతుంది. చక్రం విప్పితే విప్పిన ప్రతి ముక్కనీ తెల్లగుడ్డ మీద వరసగా పేరుస్తాడు. నట్టు, వాషరు, కోను, ఆ తరవాత బాల్సు ఒక్కొక్కటీ. ప్రతిదాని పక్కనా సుద్దముక్కతో అంకె. బిగించేటప్పుడు ఆ అంకెల్ని చివరి నుంచి మొదటికి పైకే చదువుకుంటూ వస్తాడు. అప్పుడు కలెక్టరు వచ్చి పలకరించినా పలకడు.

ఇంట్లోనూ అదే తంతు. వంటింటి డబ్బాలన్నిటికీ నీలం పెయింటుతో అంకెలు వేశాడు. "ఈ మనిషిని పప్పు తెమ్మంటే కాదమ్మా, ఆరో నంబరు తెమ్మంటేనే తెస్తాడు. నాను మూడో నంబరు పెళ్లామేమోనని ఓపాలి డౌటొచ్చింది నాకు" అని భార్య అచ్చియ్యమ్మ వీధిలో అందరికీ చెప్పి నవ్విస్తుంది. నవ్వించాక తను మాత్రం నవ్వదు. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆవిడకి తెలుసు.

అవి నలభై ఏళ్ల కిందట, ఇప్పుడు కల్యాణమండపం ఉన్నచోట సినిమా హాలు ఉన్న రోజుల్లోంచి వచ్చాయి.

ఆ హాల్లో పరదేశికి రెండు పనులు. శుక్రవారం తెల్లారకముందే అనకాపల్లి వెళ్లి, కొత్త బొమ్మ పెట్టెని సైకిలు వెనక కట్టుకుని తేవడం ఒకటి. బస్సులో వేస్తే పెట్టె ఒక్కోసారి మాడుగుల దాకా పోయి వచ్చేది. పరదేశి సైకిలు మీద పెడితే ఠంచనుగా చేరేది. రెండో పని, ఆట నడుస్తుండగా ఆపరేటరు గది వెనకున్న చీకటి కొట్టులో కూర్చుని, మిషను మీంచి దిగిన రీలుని దిగినట్టే చేత్తో వెనక్కి చుట్టడం. సినిమా అంటే జనానికి ఒకటే ముక్క గానీ, మిషనుకి పది పన్నెండు చుట్టలు. ఒక చుట్ట అయిపోతే పక్క మిషనులో రెండోది అందుకోవాలి. ఏ చుట్ట తరవాత ఏ చుట్టో డబ్బా మూత మీద అంకె వేసి ఉంటుంది.

అంచేత చోడవరానికి ఏడేళ్లపాటు సినిమాలు మోసుకొచ్చిన మనిషి ఒక్క సినిమా కూడా తిన్నగా చూడలేదు. విన్నాడు. గోడవతల ఈలలు, దెబ్బలు, పాటలు. చేతుల్లో మాత్రం వేడివేడిగా, మిషను దీపంలో మండే కార్బన్ వాసనతో, ఆఖరి బొమ్మ నుంచి మొదటి బొమ్మకి పరిగెత్తే ఫిలిం. చచ్చినవాళ్లు లేచేవాళ్లు. పెళ్లయినవాళ్లు విడిపోయి వెనక్కి నడుచుకుంటూ పోయేవాళ్లు. పరదేశికి సినిమా అంటే అదే.

ఆ పుష్యమాసంలో ఓనరు ఒక చైనా కుంగ్‌ఫూ బొమ్మ బుక్ చేశాడు. దానికి పేరేమిటో ఓనరుకే తెలియదు. పోస్టరు మీద పేరుండాల్సిన చోట "ఇరవై మూడు ఫైట్లు! లెక్కపెట్టుకోండి!" అని వేయించాడు. జనం లెక్కపెట్టుకోవడానికి గురువారం నుంచే సిద్ధంగా ఉన్నారు.

శుక్రవారం పరదేశి పెట్టె కట్టుకుని వస్తున్నాడు. చెరుకు బళ్లు ఫ్యాక్టరీకి బారులు తీరి పోతున్నాయి. ఒక బండెద్దు బెదిరి పక్కకి తిరిగింది. తప్పించబోయి సైకిలుతో సహా చెరుకు తోట కాలవలో పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయింది. దాన్ని చూసుకోలేదు. పెట్టె పగిలి పది డబ్బాలూ కాలవలో దొర్లుతున్నాయి. ఏరి, తలగుడ్డతో తుడిచి చూస్తే తొమ్మిది డబ్బాల లోపల ఫిలిం పొడిగానే ఉంది. ఒక్కదాని మూత మాత్రం ఊడి, ఫిలిం అంచు రాయికి రాసుకుని చిరిగింది. అదైనా ఫరవాలేదు, అతికించుకోవచ్చు. పరదేశి గుండె జారింది మూతల్ని చూసి. సుద్దతో వేసిన అంకెలన్నీ నీళ్లలో పోయాయి. చాలా ఊళ్లు తిరిగిన పాత ప్రింటు. లోపల రీలు మొదట్లో ఉండాల్సిన అంకెల ముక్కలు ఎప్పుడో ఎక్కడో తెగిపోయాయి.

వంకరపోయిన చక్రంతో సైకిలు నడిపించుకుంటూ హాలుకి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆరున్నరకి ఆట. ఆపరేటరు దయాసాగర్ అయిదుకి గానీ రాడు. పరదేశి చుట్టుడు మిషను ముందు కూర్చున్నాడు. ప్రతి రీలునీ పూర్తిగా చుట్టి, దాని తోకలో ఆఖరి బొమ్మ ఏమిటో కొట్టు కిటికీ తెరిచి ఆ వెలుతురులో చూశాడు. మళ్లీ పూర్తిగా వెనక్కి చుట్టి తలలో మొదటి బొమ్మ చూశాడు. రెండూ బొగ్గుతో గోడ మీద రాసుకున్నాడు. పది తలలు, పది తోకలు. ఒకదాని తోకలో గిన్నె గాల్లో ఎగురుతోంది, ఇంకోదాని తలలో అదే గిన్నె ఒక బోడిగుండు మీద పగులుతోంది. అవి రెండూ జత. ఒక తోకలో కొవ్వొత్తి బెత్తెడుంది, ఒక తలలో అదే గదిలో అదే కొవ్వొత్తి అంతే ఉంది. అవి జత. ఎడమ చెయ్యి చొక్కా చిరిగినవాడు ఇక్కడ, వాడే అక్కడ. ఇలా కలుపుకుంటూ పోతే రెండు గొలుసులు తేలాయి. మొదటి నాలుగూ ఒక గొలుసు, చివరి ఆరూ ఒక గొలుసు. పేర్లు పడే రీలు తెలుసు, ఆఖరి రీలు తెలుసు. అంటే నాలుగో దాని తరవాత అయిదోది రావాల్సిందే. వేరే దారి లేదు.

కానీ ఆ జత కుదరలేదు. నాలుగో రీలు తోకలో పొట్టలో మూడు బల్లేలు దిగి ముసలి గురువు చచ్చిపడి ఉన్నాడు. అయిదో రీలు తలలో అదే గురువు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అదే గడ్డం, అదే పుట్టుమచ్చ.

ఇద్దరు ముసలాళ్లున్నారేమో అనుకున్నాడు పరదేశి. చిరిగిన చోట ఆరు బొమ్మలు కత్తిరించి, అంచు బ్లేడుతో గీకి, ఫిలిం సిమెంటు రాసి అతికించాడు. ఆ ఆరు బొమ్మల్లోనూ ఒకడు చేతిలో గెడతో నూతి మీంచి దూకుతున్నాడు. అతుకుకి ఇటూ గాల్లోనే ఉన్నాడు, అటూ గాల్లోనే ఉన్నాడు. దాటాడా పడ్డాడా, ఆట వేళ చుట్టేటప్పుడు చూద్దాంలే అనుకుని ముక్కని జేబులో వేసుకున్నాడు. దయాసాగర్ రాగానే జరిగిందంతా దాచకుండా చెప్పాడు.

"మరి వరస కుదిరిందేటి?"

"కుదిరింది. ఒక్కచోటే అనుమానం."

"ఆ ఒక్కచోట నాను సూసుకుంటాలే" అన్నాడు దయాసాగర్.

ఆ ఆట అయిదో రీలు దాటలేదు. చచ్చిన గురువు టీ తాగేసరికి నేల క్లాసు లేచి నిలబడింది. "రీళ్లు తారుమారు సేసేర్రోయ్!" అని ఒకడు అరిచాడు. అంతే, బెంచీలు విరిగాయి. ఓనరు క్యాబినులోకి వచ్చి ఎవడ్రా అంటే, దయాసాగర్ "పరదేశి దారిలో పెట్టె పడేసేడంటండీ" అన్నాడు. అబద్ధమేమీ కాదు. కానీ అంతకుమించి ఒక్క మాట అనలేదు. పరదేశి ఉద్యోగం పోయి ఆ రాత్రే హాలు మెట్లు దిగాడు. మర్నాడు ఓనరు చెప్పినట్టు దయాసాగర్ రీళ్లని ఇంకో వరసలో వేశాడు. విలను ఇంటర్వెల్లుకి ముందే చచ్చిపోయాడు, హీరో ఇంటర్వెల్లు తరవాత కుంగ్‌ఫూ నేర్చుకోవడం మొదలెట్టాడు. మూడోరోజు ఇంకో వరస. ఎలా వేసినా కథ కుదరలేదు. పరదేశి అంతగా కలగలిపేశాడన్నమాట అని ఊరు అనుకుంది. హాలెదురు టీ కొట్టులో పుట్టిన మాట వారంలో వడ్డాది సంతకి చేరింది, నెలలో దేవరాపల్లి దాటింది.

పరదేశి ఆ తరవాత సినిమాకి వెళ్లలేదు. టీవీలో వస్తున్నా లేచిపోతాడు. లెక్క ప్రకారం తన వరస ఒప్పే. కానీ ఊరంతా తప్పంటుంటే, ఆ లెక్క మీద నమ్మకం ఏడాదికింత చొప్పున అరిగిపోయింది. గిన్నె జత సరిగ్గా చూశానా? కొవ్వొత్తి అదేనా? చివరికి గోడ మీద రాసుకున్నవన్నీ అనుమానమే అయ్యాయి. నలభై ఏళ్లుగా ఏ ముక్క విప్పినా అంకె వేస్తున్నది అందుకే.

ఈ ఏడు దసరా సెలవులయ్యాక ఓ సాయంత్రం కొడుకు కూతురు కీర్తి బడి నుంచి వచ్చి సంచి విసిరికొట్టింది. ఏడో తరగతి గుంట. సోషల్ పాఠం అప్పజెప్పమంటే రాజుల్ని ముందు వెనకలు చేసిందట.

"జూడీ టీచర్ ఏటందో తెలుసా నానమ్మా? 'ఏంటమ్మా కీర్తీ, పరదేశి రీలులా చెప్తున్నావు' అంది. కిలాసంతా ఒకటే నవ్వు. ఆడెవుడో గానీ మా తాత పేరు పాడుసేసేడు."

అచ్చియ్యమ్మ చేతిలో చేట ఆగింది. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటున్న పరదేశి చెంబు కింద పెట్టాడు.

"ఆడు నానేనమ్మా" అన్నాడు.

"ఊరుకో తాతా."

"నానే. అడుగు మీ నానమ్మని."

ఆ పిల్లకి మొత్తం చెప్పాడు. ఎవరికైనా వరసగా చెప్పడం అదే మొదటిసారి. చెప్పి, లోపలికెళ్లి పద్దెనిమిదో నంబరు డబ్బా తెచ్చాడు. సిగరెట్టు పెట్టె వెండికాగితంలో మడిచిన ఆరు బొమ్మల ముక్క. కీర్తి దాన్ని కిటికీకి ఎత్తి పట్టుకుని ఒక కన్ను మూసింది.

"దాటేడా తాతా? నూతిలో పడ్డాడా?"

"తెల్దు. నలభై ఏళ్ల నుంచీ గాల్లోనే ఉన్నాడు."

మర్నాడు కీర్తి ఆ ముక్క పట్టుకెళ్లి జూడీ టీచరు ముందు పెట్టింది. జూడీ ఎవరో కాదు, ఆపరేటరు దయాసాగర్ కూతురు. ఆ మాట చిన్నప్పటి నుంచి ఇంట్లో విని అలవాటుగా అనడమే గానీ, దాని వెనక ఒక మనిషున్నాడనీ, ఆయన తన బడి ముందు నుంచే రోజూ సైకిలు మీద పోతాడనీ ఆవిడకి తెలియదు. మొహం ఎర్రబడింది. ముక్కని ట్యూబులైటుకి పెట్టి ఫోనుతో ఫోటో తీసింది. ఆ ఫోటో పట్టుకుని నాలుగు రోజులు వెతికింది.

ఆదివారం ఆరాధన అయ్యాక దయాసాగర్ తెల్లచొక్కా, చేతిలో బైబిలుతో సైకిలు షాపుకి నడిచొచ్చాడు. డెబ్బై రెండేళ్లు. ఈ నలభై ఏళ్లలో ఇద్దరూ మాటలు మానుకోలేదు. కొట్లాడుకోలేదు. వర్షాల గురించీ బెల్లం ధర గురించీ మాట్లాడుకున్నారు. హాలు మాట మాత్రం ఎత్తలేదు.

"ఒరే పరదేశీ, సినిమా దొరికిందిరా."

పరదేశి తలెత్తలేదు. "ఏ సినిమా?"

"ఇరవై మూడు ఫైట్లది. జూడీ పట్టింది. పాత బొమ్మలు పోగేసేవోళ్లెవరో నెట్లో పెట్టేరంట. తీసిన కంపెనీ దగ్గర కాపీ. వరస తప్పే పనే నేదు."

చక్రం తిరుగుతూనే ఉంది. పరదేశి వేలు పెట్టి ఆపాడు.

"నాను రాను దయా."

"ఏం?"

"ఇన్నాళ్లూ తప్పో ఒప్పో తెలీదు కాబట్టి బతికేసేను. తప్పని తేలిపోతే దాన్నెట్టుకుని ఏటి సేసుకోను?"

"ఒప్పని తేలితే?"

పరదేశి ఈసారి తలెత్తాడు. "ఒప్పని తేలితే, అప్పుడు నువ్వేటి సేస్తావు?"

దయాసాగర్ బైబిలు ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. వచ్చిన దారినే వెళ్లిపోయాడు. కానీ కబురు అచ్చియ్యమ్మకి చేరింది. "ఎల్లి సూసి రా. తప్పయితే ఇంకో నలభై ఏళ్లు అంకెలేసుకో, నాను కాదనను. ఒప్పయితే నా డబ్బాల మీద పెయింటు గీకెయ్యాల" అంది. ఆ పై శనివారం కీర్తి తాత చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

దయాసాగర్ ఇంటి ముందుగదిలో పెద్ద టీవీ. పొద్దున్న పదిగంటలకి కిటికీలు మూసి తెరలు దించారు. జూడీ "బాబాయ్, నా మాటకి ఏమనుకోవద్దు" అని ఏదో చెప్పబోతే, పరదేశి చెయ్యూపి, కుర్చీ వద్దని గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. జేబులో సుద్దముక్క ఉంది. నేల మీద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసుకున్నాడు.

బొమ్మ మొదలైంది.

ఆ మనుషుల్ని పరదేశి ఎరుగును, గోరంత బొమ్మల్లో, కదలకుండా. ఇప్పుడు వాళ్లు కదిలారు. అన్నం తింటున్నవాడు గిన్నె దించకుండానే నలుగుర్ని తన్నాడు. ఒకడు ఇంత బల్ల మీద నిలబడి, బల్లని పాదాలతో తిప్పుతూ కత్తులు తప్పించుకున్నాడు. గొడుగుతో కొట్టాడు, జడతో కొట్టాడు, ఎండబెట్టిన చేపతో కొట్టాడు. తాడు లేదు, మాయ లేదు, కండ అంతే. కింద పడ్డవాడు నిజంగా పడ్డాడు, లేచినవాడు నిజంగా లేచాడు. ఎందుకు కొట్టుకుంటున్నారో మాత్రం ఎవరికీ తెలియదు. పెరట్లో ఎండ కాస్తుంటే వాకిట్లో మంచు కురుస్తోంది. పిల్లనగ్రోవి పట్టుకున్న అమ్మాయి ఒకర్తి ఏడుస్తూ పరిగెత్తింది, మళ్లీ కనపడలేదు.

"ఆవిడేది టీచర్?" అంది కీర్తి.

"నాకూ తెలీట్లేదమ్మా, నువ్వు ఫైట్లు లెక్కపెట్టు."

అప్పుడు తెర మీద కుడివైపు పై మూలలో కంటి రెప్పపాటు ఒక నల్లచుక్క మెరిసింది.

"చుక్క!" అన్నాడు దయాసాగర్. ఆయన కుడిచెయ్యి తనంతట తనే గాల్లోకి లేచింది. రీలు అయిపోవస్తోందని ఆపరేటర్లకి చెప్పే గుర్తు అది. ఆ చుక్క చూసి రెండో మిషను అందుకోవాలి. కాపీలో ఆ చుక్కలు అలాగే ఉండిపోయాయి.

పరదేశి కళ్లు తెర మీంచి తిప్పకుండా అన్నాడు. "గిన్నె ఎగురుతాది. బోడిగుండు మీద పగులుతాది."

గిన్నె ఎగిరింది. బోడిగుండు మీద పగిలింది. నేల మీద ఒకటికీ రెండుకీ మధ్య పరదేశి ఒక గీత గీశాడు.

రెండో చుక్క. "కొవ్వొత్తి." అదే కొవ్వొత్తి, బెత్తెడే. గీత. మూడో చుక్క. చిరిగిన చొక్కా. గీత. జూడీ తండ్రి వైపు చూసింది. ఒక్కసారి కూడా తెర మీద చూడని సినిమాని, నలభై ఏళ్ల తరవాత, ఏ బొమ్మ తరవాత ఏ బొమ్మో ఈ మనిషి చెబుతున్నాడు. దయాసాగర్ కుర్చీలోంచి ముందుకి వంగి ఉన్నాడు.

నాలుగో రీలు చివర గురువు మీదికి మూడు వైపుల నుంచి బల్లేలు వచ్చాయి. ముసలాయన రెండు అరచేతుల్తో రెంటిని ఆపాడు. మూడోది దిగింది. తరవాత మిగతా రెండూ దిగాయి. నిలబడే చచ్చిపోయాడు, ఆ తరవాతే పడ్డాడు. శిష్యుడు నేలకి తల కొట్టుకుని ఏడ్చాడు. చుక్క మెరిసింది.

పరదేశి ఈసారి ఏమీ చెప్పలేదు. సుద్దముక్క నాలుగు మీద ఆగింది.

అరుగు. ఎండ. అరుగు మీద గురువు. అదే గడ్డం, అదే పుట్టుమచ్చ. మూత తీసి ఊదుకుంటూ టీ తాగుతున్నాడు.

"తాతా!" కీర్తి గెంతులేసింది. "ఇందాకే సచ్చిపోయేడు కదా ఈ ముసలోడు!"

తెర మీద మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. శిష్యుడు వచ్చి దండం పెట్టి, గురువుగారి కప్పులో ఇంకాస్త టీ పోశాడు. దయాసాగర్ "ఎనక్కి పెట్టు" అన్నాడు. జూడీ వెనక్కి పెట్టింది. బల్లేలు, చావు, చుక్క, టీ. "మళ్లీ." బల్లేలు, చావు, చుక్క, టీ.

"ఆ రోజు నువ్వు ఇలాగే పెట్టేవు" అన్నాడు దయాసాగర్.

"ఇలాగే పెట్టేను."

"ఆళ్లు తీసిందే ఇలాగరా. కథ ఆళ్ల దగ్గరే నేదు."

పరదేశి నాలుగుకీ అయిదుకీ మధ్య గీత గీశాడు. గీసి, దాని మీదే రెండోసారి గీశాడు. సుద్దముక్క విరిగింది.

దయాసాగర్ లేచి తెర కప్పిన కిటికీ దగ్గరికి వెళ్లి, అటు తిరిగి నిలబడ్డాడు. "ఆపరేటర్ని నాను. నువ్వు రెండుసార్లు సుట్టి వరస కట్టేవని తెలుసు నాకు. జనం అరిసేసరికి నాకూ బయమేసింది. నా ఉద్యోగం నాకుంటే సాలనిపించింది" అన్నాడు. తరవాత ఇటు తిరిగి, "నాకేటైనా అనరా ఓ మాట" అన్నాడు.

"అంటాలే. ముందు బొమ్మ ఆడనీ" అన్నాడు పరదేశి. "నూతి దగ్గరికి రానీ."

అక్కణ్ణుంచి ఆయన చుక్కలకోసం చూడలేదు. చిన్నపిల్లాడిలా మోకాళ్లు కౌగిలించుకుని, చూడాల్సింది చూశాడు. గురువు మళ్లీ చచ్చిపోయాడు, ఈసారి విషంతో. ఆఖర్న ఇంకోసారి మెట్ల మీద చీపురుతో ఊడుస్తూ కనిపించాడు. విలను గడ్డం ఒక గదిలో నల్లగా ఉండి పక్క గదిలోకి వెళ్లేసరికి తెల్లబడింది. పరదేశికి ఏదీ తప్పుగా తోచలేదు. దెబ్బ తరవాత దెబ్బ అంత కచ్చితంగా, ఒక చెయ్యి లేస్తే దానికి జవాబుగా ఇంకో చెయ్యి లేస్తూ, గడియారం లోపలి పళ్లచక్రాల్లా ఆ మనుషులు నడుస్తున్నారు. వరసంతా అందులోనే ఉంది. ఎన్ని నెలలు సాధన చేసి ఉంటారో, ఎన్ని ఎముకలు విరగ్గొట్టుకుని ఉంటారో అనుకున్నాడు. ఈ కష్టమంతా తను ఒక పెట్టెలో కట్టుకుని సైకిలు మీద తెచ్చాడు.

నుయ్యి వచ్చింది.

కీర్తి తాత భుజం పట్టుకుంది. చేతిలో గెడ ఉన్నవాడు పరిగెత్తుకొచ్చాడు. వెనక అయిదుగురు. గెడ కొసని నూతి గట్టు మీద ఆనించి లేచాడు. లేచాడు, ఇంకా లేచాడు. పరదేశికి తెలిసిన ఆ ఆరు బొమ్మలూ కంటికి అందకుండా జారిపోయాయి. వాడు గాల్లోనే గెడ వదిలేశాడు. వదిలేసి, నూతికి అడ్డంగా వేసిన చేంతాడు దుంగ మీద ఒంటికాలి బొటనవేలు ఆనించాడు. దుంగ గిర్రున తిరిగింది. తిరిగే దుంగ మీద మూడడుగులు నడిచి, అవతలి గట్టు మీద నీళ్లకుండ పక్కన దిగాడు. కుండలో నీళ్లు ఒక్క చుక్క తొణకలేదు.

"దాటేడు" అన్నాడు పరదేశి. చాలా నెమ్మదిగా అన్నాడు. "దయా, దాటేడ్రా."

"సూసేను."

"దుంగ మీద నడిసేడు సూసేవా! గెడ వొదిలేసి!"

"ఎనక్కి పెట్టనా బాబాయ్?" అంది జూడీ.

"వొద్దమ్మా. ఒకపాలి దాటేడు, సాలు."

కీర్తి లెక్క తేల్చింది. ముప్పై ఒకటి ఫైట్లు. ఓనరు ఎనిమిది తక్కువ వేశాడు. దయాసాగర్‌ని ఒక మాట అంటానన్న పరదేశి, ఆ మాట అనడం మరిచిపోయి ఇంటికి నడిచాడు. దారి పొడుగునా కుడికాలి బొటనవేలు నేలకి ఆనించి ఆనించి చూసుకున్నాడు.

మర్నాడు ఆదివారం. చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి దయాసాగర్ లేచాడు. రోగం నయమైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు దేవుడు చేసిన మేలు చెప్పుకునే వేళ అది. దయాసాగర్ మైకు పట్టుకుని నాలుగో రీలు గురించీ, మూడు బల్లేల గురించీ, టీ గురించీ చెప్పాడు. నలభై ఏళ్ల కిందట ఒక మనిషి సరిగ్గా చేసిన పనిని తప్పంటే తను నోరు మూసుకున్నానని చెప్పాడు. పాస్టరుగారు మొదట కుంగ్‌ఫూ ఎందుకొచ్చిందో తెలియక కంగారుపడ్డాడట. చివరికి "స్తోత్రం" అన్నాడట. సోమవారం బడిలో జూడీ కీర్తిని లేపి, రాజులతో పాటు ఆ కథ కూడా కిలాసుకి చెప్పించిందట.

ఈ కబుర్లన్నీ మోసుకుని సోమవారం సాయంత్రం అచ్చియ్యమ్మ కూరగాయల సంచితో షాపుకి వచ్చింది. పరదేశి ఒక చక్రం విప్పుతున్నాడు. తెల్లగుడ్డ పరిచి ఉంది. ముక్కలు వరసగానే ఉన్నాయి. అంకెలు లేవు. అచ్చియ్యమ్మ అది చూసింది, చూడనట్టు సంచి దించి స్టూలు మీద కూర్చుంది.

"సంతలో అందరూ నన్నే అడుగుతన్నారు, ఏటా సినిమా అని. శనోరం వొచ్చినకాణ్ణుంచి నోరిప్పవు. ఇంతకీ ఏటి కథ?"

పరదేశి చేతులు తుడుచుకుని మొదలెట్టాడు. గిన్నె దించకుండా నలుగుర్ని తన్నినవాణ్ణి కూర్చున్నచోటే కాళ్లాడిస్తూ చూపించాడు. పంపుని గొడుగు చేసి తిప్పాడు. బల్లేలు వచ్చేసరికి గొంతు తగ్గించాడు. గురువు నిలబడే చచ్చిపోయాడు. శిష్యుడు ఏడ్చాడు. తరవాత గురువు అరుగు మీద కూర్చుని టీ తాగాడు.

"ఆగాగు" అంది అచ్చియ్యమ్మ. "సచ్చినోడు టీ తాగడమేటి? అచ్చం పరదేశి రీలు..." అనేసి, నాలిక్కరుచుకుంది.

పరదేశి ఆవిడ మొహం చూశాడు. ముందు భుజాలు కదిలాయి. తరవాత పొట్ట కదిలింది. పంపు పక్కన పడేసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

"మరి అదేనే! అదే పరదేశి రీలు! ఒక్క ముక్క తప్పకుండా సెప్తన్నాను."

"మరి ఆ ముసలోడు మళ్లీ ఎలగొచ్చేడు?"

"ఎలగేటి, వొచ్చేడు. టీ ఊదుకుని తాగుతన్నాడు. ఇను" అని పరదేశి అయిదో రీలు ఎత్తుకున్నాడు.